అంకె పక్కన ‘ఏడ్చాడు’ అని రాశాను

రిటైరయ్యాక మా అమ్మాయికి దగ్గరగా ఉండొచ్చని ఇక్కడే ఆస్ట్రేలియాలో మాసన్ లేక్స్ అనే పేటకి మారాను. యూనివర్సిటీ పక్కనే ఉంది కాబట్టి సాయంత్రం నడకకి వెళ్తే తెలుగు పిల్లలు ఎవరో ఒకరు తగులుతారు. వాళ్ళలో నర్సింగు చదివేవాళ్ళు, ఫిజియో చదివేవాళ్ళు ఉన్నారు. ఆస్పత్రిలో అంతకాలం పనిచేశాను కదా, ఏదైనా సలహా చెప్పండి ఆంటీ అంటారు. నవ్వేసి, టైముకి తినండి, నడుము జాగ్రత్త అని చెప్పి వచ్చేస్తుంటాను. నిజానికి నా దగ్గరున్నది సలహా కాదు, కోపం. అందులో సగం నా మీదే. నడుస్తూ చెప్పేది కాదు గనక కూర్చుని రాస్తున్నాను.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఆస్పత్రి వేరే రాష్ట్రంలో ఉంది, దాని పేరూ రాయను. పేర్లు రాశాననుకోండి, ఓహో వాళ్ళా, వాళ్ళు అంతే అనుకుని మీరు హాయిగా తప్పుకుంటారు. మీరు తప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

నా ఉద్యోగానికి ఇక్కడ ఆర్థాప్టిస్ట్ అని పేరు. మా ఒంగోల్లో మా అమ్మ, మా అమ్మాయి కంటి డాక్టరు అని చెప్పుకునేది. కాదమ్మా అని నేను దిద్దితే, ఏదో ఒకటిలే, కళ్ళు చూస్తావుగా అనేది. కళ్ళు చూడడం నిజమే. పిల్లల ఆస్పత్రిలో డాక్టరు గదిలోకి వెళ్ళేముందు చూపు ఎంతుంది, అద్దం పవరు ఎంత, కంట్లో ఒత్తిడి ఎంత అని కొలిచి కంప్యూటర్లో ఎక్కించే పని మాది. మేం ఎక్కించిన దాన్ని బట్టే డాక్టర్లు ఆలోచిస్తారు. ఈ చివరి మాట మరిచిపోకండి.

ఆ బాబు మొదటిసారి నా గదికి వచ్చేటప్పటికి వాడికి మూడు నెలలు. రెండు కళ్ళలోనూ శుక్లాలతో పుట్టాడు. ఆరో వారంలోనే మా పెద్ద డాక్టరు రెండు కళ్ళకీ ఆపరేషన్ చేసి మసకబారిన కటకాలు తీసేశారు. అంత పసికందుకి లోపల కొత్త కటకం పెట్టరు, పైన కాంటాక్ట్ లెన్సు పెడతారు. రోజూ ఆ గోరంత కంట్లో లెన్సు పెట్టి తియ్యాల్సింది తల్లి. ఆ అమ్మాయిది నరసరావుపేట దగ్గర. స్టూడెంటుగా వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చాక ముసలివాళ్ళ హోములో పని చేస్తోంది. భర్త గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మొదటిసారి నా బ్యాడ్జి మీద పేరు చూసి, “ఆంటీ, మీరు తెలుగా?” అని అడిగి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. అప్పటివరకూ ఆస్పత్రిలో అందరితో ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడిన మనిషి. ఆ రోజునించి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు నా దగ్గరికే వెయ్యమని కౌంటర్లో అడిగేది.

ఇక్కడ ఒక్క ముక్క వైద్యం చెప్పాలి. పసిపిల్లలకి శుక్లాలు తీసేశాక కథ అయిపోదు. నెలలకో ఏళ్ళకో కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరగొచ్చు. గ్లకోమా అంటారు, మనవాళ్ళు నీటికాసులంటారు. ఒత్తిడి పెరిగితే వెనకాల నరం చచ్చిపోతుంది. చచ్చిన నరం మళ్ళీ బతకదు. అందుకే ఈ పిల్లల కంటి ఒత్తిడి జీవితాంతం కొలుస్తూనే ఉండాలి. ఇది దాచిన రహస్యం కాదు. ఆపరేషన్‌కి సంతకం పెట్టించిన కాగితంలోనే రాసి ఉంటుంది. తర్వాత ఆ కాగితం ఎవరికి పనికొచ్చిందో చెప్తాను.

కొలిచే పరికరం చేతిలో ఇమిడిపోతుంది. చిన్న మొన ఒకటి నల్లగుడ్డుని టక్కున తాకి వెనక్కొస్తుంది, అంకె పడుతుంది. ఇరవై ఒకటి దాటకూడదు. పాలు తాగుతుంటేనో నిద్రపోతుంటేనో కొలిస్తే మంచి అంకె వస్తుంది. ఏడాది దాటిన పిల్లాడు నిద్రపోడు, దుప్పట్లో చుట్టి ఇద్దరం పట్టుకోవాలి. వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, కళ్ళు బిగిస్తాడు. బిగిస్తే అంకె పెరుగుతుంది. అంచేత అంకె పక్కన ‘ఏడ్చాడు’ అని రాస్తాం. అంటే, ఈ అంకెని పూర్తిగా నమ్మకండి అని డాక్టరుకి కబురు. మా రంగంలో ప్రపంచమంతా రాసేదే. ఒకసారి రాస్తే తప్పేమీ లేదు.

నేను వరసగా ఐదుసార్లు రాశాను.

ఇరవై ఆరు, ఏడ్చాడు. ఇరవై ఎనిమిది, ఏడ్చాడు, ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ ఇరవై ఎనిమిది, ఏడ్చాడు. మధ్యలో ఒకసారి అసలు కొలవడమే కుదరలేదు, ఏడ్చాడు. తర్వాత ఇరవై తొమ్మిది, ఏడ్చాడు. చూసిన జూనియర్ డాక్టర్లు ఒక్కోసారి ఒక్కొక్కరు. ఏడ్చాడు కదా, పైగా ఈ పిల్లలకి నల్లగుడ్డు మందంగా ఉంటుంది, అంకె ఎటూ కాస్త ఎక్కువే చూపిస్తుంది అనేవారు. అదీ నిజమే. నిజాలన్నీ కూడి ఒక అబద్ధానికి ఎలా కాపలా కాస్తాయో నేను ఆ ఫైల్లో చూశాను.

అనుమానం ఉంటే మత్తిచ్చి, నిద్రలో కొలవాలి. అలా రాశారు కూడా. మొదటిసారి తేదీ ఇచ్చిన వారం బాబుకి జలుబు, మత్తు డాక్టరు వద్దన్నారు. రెండోసారి ఆపరేషన్ థియేటర్‌లో నర్సులు సరిపోలేదని ఆ రోజు లిస్టులో సగం కొట్టేశారు. మూడోసారి బుకింగ్ వాళ్ళు ఫైలు చూసి, అంకెలన్నీ ఏడుపువే కాబట్టి అర్జంటు కాదు అని వెనక్కి నెట్టారు. ఈ మూడో ముక్క నాకు తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు ఒళ్ళు మండిపోయింది. డాక్టరుకి జాగ్రత్త చెప్పడానికి నేను రాసిన మాట పట్టుకుని, ఎన్నడూ ఆ బాబు మొహం చూడని మనుషులు వాణ్ణి వరసలో వెనక్కి పంపారు. ఎవర్నీ అడగలేదు. నన్ను అడిగితే ఏం చెప్పేదాన్నో అది వేరే సంగతి.

ఈ లోపల ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. ఎందుకంటే సైటు తగ్గుతోంది.

మన ఇళ్ళల్లో సైటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పెరిగితే టీవీ కట్టేస్తారు, తగ్గితే స్వీటు పంచుతారు. బాబుకి ప్రతి రెండు మూడు నెలలకీ లెన్సు పవరు తగ్గుతూ వచ్చింది. శుక్లాలు తీసిన పసికంటికి పవరు తగ్గడం మామూలే, కన్ను పెరిగేకొద్దీ తగ్గుతుంది. తల్లికి సాయంగా విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ మాత్రం అదంతా పొన్నగంటికూర మహిమ అంది. ఎవరో తెలుగువాళ్ళింట్లోంచి కొమ్మ తెచ్చి, అద్దె ఇంటి వెనక థర్మకోల్ పెట్టెలో పెంచి, వాడి పప్పన్నంలో మెత్తగా నూరి కలిపేది. ఒకరోజు నాకూ ఒక డబ్బాలో వేపుడు పట్టుకొచ్చింది. “మీ చెయ్యి మంచిదమ్మా, వచ్చినప్పుడల్లా సైటు తగ్గిస్తన్నారు” అంది. నేను ఆ డబ్బా తీసుకుని, మీ కూర మంచిదండీ అన్నాను. లంచ్ రూములో కూర్చుని తిన్నాను కూడా. బాగుంది.

బాబు కళ్ళు రెండూ ఒకేలా తగ్గాలి కదా, ఎడమ కన్ను ఎందుకు ముందు పరిగెడుతోంది అని అప్పుడు నాకు తోచలేదు. కన్ను మామూలుగా పెరిగితే పవరు నెమ్మదిగా తగ్గుతుంది. లోపలి ఒత్తిడికి గోడలు సాగి పెరిగితే గబగబా తగ్గుతుంది. చదువుకున్నాను, పరీక్షలో రాశాను, కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెప్పాను. కానీ మా కంప్యూటర్లో ఒక తెర మీద ఒక రోజే కనిపిస్తుంది. వెనకటి రోజు చూడాలంటే మూసి, వెతికి, మళ్ళీ తెరవాలి. బయట హాల్లో పాతికమంది పిల్లలు. ఈ రోజు ఎంత తగ్గింది అని చూడడమే కానీ, మొత్తం ఎంత దిగిందని చూసే తీరిక నాకు లేదు. తీరిక లేదని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అసలు అవసరం అనిపించలేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ఆ తల్లి నాకు రెండుసార్లు చెప్పింది.

“ఆంటీ, కార్‌పార్క్‌లో దిగిన దగ్గర్నించి నా షోల్డర్‌లో మొహం దాచేసుకుంటాడు. ఇంట్లో కూడా కర్టెన్ తీస్తే చాలు ఏడుస్తున్నాడు. డేకేర్‌లో అవుట్‌సైడ్ ప్లేకి అసలు వెళ్ళట్లేదంట.”

నేనేమన్నాను? ఇక్కడి ఎండ అలాంటిదమ్మా, మాకే కళ్ళు మూతలు పడతాయి, మంచి హ్యాట్ పెట్టు, చిన్న సన్‌గ్లాసెస్ కొను అన్నాను. ఈ దేశంలో ఎవరికైనా చెప్పే మాటే. హ్యాట్ లేకుండా బళ్ళో ఆడుకోనివ్వని దేశం. పైగా లెన్సు కాస్త గీరుకుంటుందేమో అన్నాను. వెలుతురు పడకపోవడం నీటికాసులకి మొదటి గుర్తు. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు వచ్చినట్టు మాకు వచ్చి ఉండాల్సిన సంగతి. అదే మాట ఇంగ్లీషులో ఒక ఆస్ట్రేలియన్ తల్లి చెప్పి ఉంటే నేను కంప్యూటర్లో ఎక్కించేదాన్నేమో. తెలుగులో చెప్పింది గనక కబుర్లలో కలిసిపోయింది. మన మనిషి కదా అని ఆవిడ నా దగ్గరికి వచ్చింది. మన మనిషి కదా అని నేను అజాగ్రత్తగా ఉన్నాను.

ఆ రోజు సంగతికి వస్తాను. బాబుకి రెండేళ్ళు దాటాయి. లెన్సు ఒకటి చిరిగిపోయిందనీ, ఇంట్లో పాతవి చాలా ఉన్నాయి, ఏదైనా పనికొస్తుందేమో చూడమనీ ఆ అమ్మాయి ఒక పెరుగు డబ్బా తీసుకొచ్చింది. రెండు కిలోల ప్లాస్టిక్ డబ్బా. ఇక్కడ ఏ తెలుగింటి ఫ్రీజర్ తెరిచినా అలాంటివి ఆరుంటాయి, వాటిలో పెరుగు మాత్రం ఉండదు. మూత తీస్తే లోపల చిన్న చిన్న సీసాలు, మొదట్నించీ మేమిచ్చిన ప్రతి లెన్సుదీ. ఒక్కటీ పారెయ్యలేదు. ప్రతి సీసా మీదా పవరు, దాని పక్కన ఆవిడ బాల్‌పెన్నుతో తేదీ, ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో రాసుకుంది.

సరిపోయేది వెతుకుదామని వాటిని బల్ల మీద పేర్చాను. కుడివి ఒక వరస, ఎడమవి ఒక వరస, తేదీల ప్రకారం. రెండు వరసలూ ముప్పై దగ్గర మొదలయ్యాయి. కుడి వరస ఇరవై మూడు దగ్గర ఆగింది. ఎడమ వరస పదిహేను దగ్గర ఆగింది. చివరి నాలుగు సీసాల్లోనే చాలా మటుకు దిగిపోయింది.

లక్షల ఖరీదు చేసే మా కంప్యూటరు రెండేళ్ళు నాకు చూపించనిది ఒక పెరుగు డబ్బా రెండు నిమిషాల్లో చూపించింది. తల్లి నా మొహం చూసి, ఏమైంది ఆంటీ అంది. ఏం లేదు, ఇక్కడే కూర్చో అన్నాను. మత్తివ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలని, బాబుకి ఏమీ తినిపించకు అని కూడా చెప్పి సీసాలు మళ్ళీ డబ్బాలో వేసుకుని లేచాను. ఏం లేదు అన్నాను చూడండి. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో.

జూనియర్ డాక్టరు పక్క గదిలో ఉంది. మంచి పిల్ల, మూడు రోజుల్నించి సరిగ్గా నిద్ర లేదు పాపం. ఫైలు తెరిచి, ప్రెషర్లు ఎక్కువే కానీ అన్నీ ‘ఏడ్చాడు’ అని ఉన్నాయి కదా అంది. రాసిందెవరో తెర మీదే ఉంది, మర్యాదకి ఆ పేరు చదవలేదు. మత్తిచ్చి చూడ్డానికి నాలుగు నెలల్లో తేదీ ఉంది, కావాలంటే ముందుకి జరపమని ఈమెయిల్ పెడతానంది. నాకు ఈమెయిల్ అన్న మాట వినగానే తిక్క రేగింది. థియేటర్ల వైపు నడిచాను.

పెద్ద డాక్టరు ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య చేతులు కడుక్కుంటున్నారు. ముప్పై ఏళ్ళ అనుభవం, బంగారం లాంటి చెయ్యి, కబుర్లు చెప్పే మనిషి కాదు. నువ్విక్కడ ఏం చేస్తున్నావన్నట్టు చూశారు. నేను సింకు పక్కన స్టీలు గట్టు మీద సీసాలు రెండు వరసలుగా పేర్చాను. ఆయన చేతులనించి నీళ్ళు కారుతుండగా వాటిని ఒక చివర్నించి ఇంకో చివరికి చదివారు. మళ్ళీ చదివారు. ఎవరి బాబని అడగలేదు, ఆయనకి తెలిసిపోయింది.

“రేపు పొద్దున నా లిస్టులో మొదటి కేసు” అన్నారు. లిస్టు నిండిపోయిందని ఎవరో అంటే, మరి ఒకరిని తీసెయ్యండి అని లోపలికి వెళ్ళిపోయారు.

నాలుగు నెలలు పట్టాల్సినది ఒక్క రాత్రిలో జరిగింది. జరపడం చేతనవుతుంది అన్నమాట. ఎవరో ఒకరు గట్టు దగ్గరికి నడిచి వెళ్తే జరుగుతుంది. ఇన్నాళ్ళూ జరగలేదంటే ఎవరమూ నడవలేదనే.

మర్నాడు బాబు మత్తులో పడుకుని ఉన్నాడు. మత్తులో ఒత్తిడి మామూలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది. ఎడమ కన్ను ముప్పై నాలుగు. కుడి కన్ను ఇరవై ఏడు. అంకె పక్కన రాయడానికి ఆ రోజు నాకు ఏ మాటా లేదు. వాడు ఏడవడం లేదు. పెద్ద డాక్టరు లోపలికి చూసి, ఎడమ నరం దాదాపు పోయిందన్నారు. కుడిది ఇంకా ఉంది, దాన్ని దక్కించుకోవాలన్నారు.

చుక్కల మందుతో మొదలుపెట్టి, అది చాలక, ఆపరేషన్‌కి వచ్చారు. మూసుకుపోయిన సహజ దారినే లోపలినించి తెరవొచ్చు కానీ శుక్లాలు తీసిన ఇలాంటి కళ్ళలో అది ఎక్కువకాలం నిలబడుతుందని ఆయన నమ్మలేదు. పైరెప్ప కింద కొత్త దారి కొయ్యొచ్చు కానీ దాని మీద రోజూ కాంటాక్ట్ లెన్సు పెట్టి తీస్తుంటే చీము పట్టే భయం. చివరికి వెంట్రుక కంటే కాస్త లావు గొట్టం ఒకటి కంట్లో పెట్టి, నీటిని తెల్లగుడ్డు మీది పొర కిందికి మళ్ళించే పద్ధతి ఎంచుకున్నారు. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ. కుడి కంట్లో గొట్టం ఒకసారి మూసుకుపోతే మళ్ళీ తెరవాల్సి వచ్చింది. కుడి కన్ను నిలబడింది. ఎడమ కంట్లో ఒత్తిడి అయితే తగ్గింది, చూపు మాత్రం తిరిగి రాలేదు. రాదని ముందే తెలుసు.

రెండో కన్ను ఆపరేషన్ అయిన నెలకి తల్లి వాణ్ణి తీసుకొచ్చింది. కార్‌పార్క్ నించి నడిపించుకుంటూ వచ్చింది. వాడు తలెత్తి ఎండలో ఊదా పూల జకరాండా చెట్టు చూస్తూ, “పర్పుల్, పర్పుల్” అంటున్నాడు. ఆమె భుజం మీద మొహం దాచుకోని ఆ పిల్లాణ్ణి అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. గదిలో ఒత్తిడి కొలుస్తుంటే కాస్త గునిశాడు కానీ ఏడవలేదు. పదమూడు. తల్లి ఆ రోజు నావైపు చాలాసేపు చూసింది కానీ ఏమీ అడగలేదు.

మీటింగులో అడిగింది.

ఫిర్యాదు వాళ్ళాయన రాశాడు. ఆస్పత్రి విచారణ జరిపించింది. విచారణ అంటే మా ఆస్పత్రి మేనేజర్లు మా ఆస్పత్రి ఫైళ్ళు చదవడం. మీటింగుకి ముందురోజు నాణ్యతా విభాగం మేనేజరు నన్నూ పెద్ద డాక్టరునీ పిలిచి పాఠం చెప్పింది. కుటుంబం పడిన బాధకి విచారం చెప్పొచ్చు. ఎవరి వల్ల ఎందుకు జరిగిందో మాట్లాడకూడదు. అడిగిన ప్రశ్నలకి ఆవిడే జవాబిస్తుంది. ఆవిడ రాక్షసి కాదు, మర్యాదస్తురాలు, ఆ రోజు మాకందరికీ కాఫీ తెప్పించింది. అందుకే నాకు ఇంకా కోపం. రాక్షసి అయితే ఎదురు తిరిగేదాన్నేమో.

మీటింగులో బల్ల మధ్యన ఒక ఫోను పెట్టారు. స్పీకర్లో తెలుగు అనువాదకుడు, ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చుని. ఆ అమ్మాయికి ఇంగ్లీషు బాగానే వచ్చు, తెలుగు తెలిసిన నేను ఎదురుగానే కూర్చున్నాను. అయినా నియమం నియమమే. పెద్ద డాక్టరు గొంతు సవరించుకుని, ఈ ప్రమాదం ముందే తెలిసిందే, సంతకం పెట్టిన కాగితంలో ఉంది అన్నారు. బంగారం లాంటి ఆ చేతుల మనిషి బల్లకేసి చూస్తూ అన్నారు. మేనేజరు, మీకు కలిగిన అనుభవానికి విచారిస్తున్నాం, సిబ్బంది అంతా పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు అని చదివింది.

అప్పుడా అమ్మాయి మేనేజరు వైపు కాకుండా నా వైపు తిరిగి, తెలుగులో అడిగింది. అరవలేదు.

“ప్రెషర్ ఎక్కువ వచ్చిన ప్రతిసారీ, ఏడ్చాడు కాబట్టి వచ్చింది అన్నారు. ఆపరేషన్ అయ్యాక వాడు అసలు ఏడవట్లేదు. మరి వాడు ఏడ్చింది ఆ ప్రెషర్ వల్లేనా ఆంటీ? వాడు ఏడుపుతో చెప్పిందే మీరు నమ్మకుండా కొట్టేశారా?”

ఫోనులో ఆయన ఆ మాటల్ని శ్రద్ధగా ఇంగ్లీషులోకి మార్చాడు. మేనేజరు, ఆ విషయం ఊహించి చెప్పలేమంది. ఫోనులో ఆయన దాన్ని శ్రద్ధగా తెలుగులోకి మార్చాడు. “ఊహించి చెప్పలేమని అంటున్నారండీ.”

నాకు రెండు భాషలూ వచ్చు. ప్రశ్న అర్థమైంది, జవాబు తెలుసు. కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాను. రిటైర్మెంటుకి ఐదేళ్ళుంది, ఇంటి లోను ఉంది, ఇవన్నీ నాకు నేను తర్వాత చెప్పుకున్న కారణాలు. ఆ నిమిషంలో ఉన్నది పిరికితనం, అంతే. దానికి ఇంకో పేరు పెట్టదలుచుకోలేదు.

ఆ తర్వాత మా క్లినిక్‌లో రెండు మార్పులు వచ్చాయి. పవర్లన్నీ ఒకే గీత మీద కనిపించేలా కంప్యూటర్ మార్చారు. రెండుసార్లు వరసగా అంకె ఎక్కువొస్తే, ఏడ్చినా సరే, నెలలోపు మత్తిచ్చి చూసి తీరాలని నియమం పెట్టారు. మంచిదే. దానికి మా విభాగానికి ఒక సర్టిఫికెట్ కూడా వచ్చింది, ఫ్రేము కట్టి హాల్లో తగిలించారు. ఎవరి కన్ను పోతే ఆ నియమం వచ్చిందో ఆ కాగితం మీద లేదు. నేను రోజూ దాని ముందునించి నడిచి వెళ్ళేదాన్ని.

ఆ అమ్మాయి మాత్రం బాబుని నా దగ్గరికే తీసుకొస్తూ ఉంది. వేరేవాళ్ళ దగ్గరికి మార్పించుకునే వీలుంది, కౌంటర్ వాళ్ళు అడిగారు కూడా. వద్దంది. నామీద నమ్మకం పోలేదని నేను లోలోపల మురిసిపోయాను. అయిదేళ్ళు అలా మురుస్తూనే ఉన్నాను. అమ్మమ్మ ఎప్పుడో ఇండియా వెళ్ళిపోయింది. మీటింగు సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. సైటు, స్కూలు, రెంటు, అలాంటివే మాట్లాడుకునేవాళ్ళం.

నా ఉద్యోగంలో చివరి వారం వాడి అపాయింట్‌మెంట్ పడింది. ఏడేళ్ళవాడు. చక్కగా దువ్విన జుట్టు, మందపాటి కళ్ళజోడు, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే. కుర్చీ ఎక్కి కూర్చుని గడ్డం ఆనించడం, పైకి చూడడం, రెప్ప వెయ్యకుండా ఉండడం, అన్నీ నేను చెప్పకముందే చేస్తాడు. ఒత్తిడి బాగుంది, రెండు కళ్ళూ పద్నాలుగే. ఇక చూపు. నియమం ప్రకారం ముందు చూపు లేని కన్ను పరీక్షించాలి. కుడి కంటికి అడ్డు పెట్టి, తెర మీద అన్నిటికన్నా పెద్ద అక్షరం వేశాను. అది వాడికి కనిపించదని నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ అడిగి, ‘లేదు’ అని ఎక్కించాలి.

వాడు మెడ అటూ ఇటూ తిప్పాడు. ముందుకి వంగాడు. చాలా కష్టపడ్డాడు. నన్ను సంతోషపెట్టాలని చూస్తున్నాడని నాకు అర్థమైంది. చివరికి నా గొంతు వచ్చే వైపు తిరిగి మెల్లగా అన్నాడు.

“సారీ ఆంటీ. ఐ కాంట్ సీ ఇట్. సారీ.”

ఆ కన్ను సంగతి మొదలైన నాటినించీ ఆ భవనంలో విచారించినవాళ్ళున్నారు, గొంతు సవరించుకున్నవాళ్ళున్నారు, ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు. ఏ మెలికా లేకుండా సారీ చెప్పింది ఏడేళ్ళ ఆ పిల్లాడొక్కడే. తనకి కనపడనందుకు నాకు చెప్తున్నాడు.

నేను అడ్డు తీసేశాను. సారీ చెప్పాల్సింది నువ్వు కాదు నాన్నా, నేను అన్నాను. వాడికి ఎందుకో అర్థం కాక వాళ్ళమ్మ వైపు చూశాడు. నేనూ ఆవిడ వైపు తిరిగాను.

“ఆ రోజు మీటింగులో నన్నొకటి అడిగావు. అవును. వాడు ఏడ్చింది అందుకే. కంట్లో ప్రెషర్ వల్లే. నువ్వు రెండుసార్లు చెప్పావు, నేను హ్యాట్ పెట్టమన్నాను. ఏడ్చాడని ఐదుసార్లు రాసి కొట్టేసింది నేనే. తప్పు నాది. నన్ను క్షమించమ్మా.”

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు మూసింది, తెరిచింది, మూసింది.

“నాకు తెలుసు ఆంటీ” అంది. “అప్పుడే తెలుసు. మీ నోటితో వినాలనే ఇన్నేళ్ళూ వాణ్ణి మీ దగ్గరికి తీసుకొచ్చాను.”

క్షమించాననలేదు. క్షమించలేదని కూడా అనలేదు. గోడ గడియారం చూసి, రెండో కన్ను కూడా చూసెయ్యండి, వాడికి స్కూలుకి టైమవుతోంది అంది. నేను ఎడమ కంటికి అడ్డు పెట్టాను.